కాళియమర్దనము – జలశుద్ధి ధర్మము

శ్రీమద్భాగవత దశమస్కంధమునందలి శ్రీకృష్ణలీలలలో కాళియమర్దనము ఆబాలగోపాలమునకు సుపరిచితమైనది. ఆ కథ విను పసిబాలుడు పడగలపై నాట్యమాడు చిన్నికృష్ణుని తలచి ఆనందించును. పెద్దలు ఆ నాట్యమున అహంకారదమనమును దర్శింతురు. కాని ఆ కథకు మూలము త్రాగునీరు అని గుర్తించువారు తక్కువ. యమునలోని ఒక మడుగు విషపూరితమయ్యెను. గట్టుమీది చెట్లు మాడినవి. మీదుగా ఎగురు పక్షులు ఆ గాలి సోకి కూలినవి. ఎండకు దప్పిగొన్న గోవులును గోపబాలురును ఆ నీటిని త్రాగి ఒడ్డుననే ఒరిగిరి. స్వామి వారిని అమృతదృష్టితో బ్రతికించెను. పిదప కడిమిచెట్టు నెక్కి స్వయముగా ఆ మడుగులోనికి దుమికెను.

ఈ లీలలో గమనింపదగిన అంశములు మూడు కలవు. స్వామి ఒడ్డున నిలిచి నీటిని పొగడలేదు, నిందింపలేదు. విషము పుట్టుచోటికే దిగెను. రెండవది, కాళియుడు అచటికి వచ్చిన కారణమును తొలగించెను. గరుత్మంతుని భయముచేతనే గదా ఆ సర్పము సౌభరిమహర్షి శాపమువలన గరుడునకు ప్రవేశములేని ఆ మడుగున దాగినది! స్వామి పాదముద్రలు పడగలపై నిలిచిన పిమ్మట ఆ భయము తొలగెను. కాళియుడు ఆలుబిడ్డలతో తన పూర్వస్థానమగు రమణకద్వీపమునకు మరలెను. మూడవది అన్నింటికంటె ముఖ్యము. ఆనాటినుండి ఆ నీరు నిర్విషమై అమృతతుల్యమయ్యెనని భాగవతము చెప్పుచున్నది. మడుగు చూడ శుభ్రముగ నున్నదని కాదు, త్రాగుటకు యోగ్యమైనదని దాని భావము. ఒక మడుగును శుద్ధిచేసి మరియొక పల్లె మడుగును చెరచుట ఆ లీలలో లేదు.

ఈ కాలమున "హరితము", "పర్యావరణహితము" అను మాటలు అంగడి వస్తువులపైనను, కర్మాగారముల ద్వారములపైనను, ప్రభుత్వ ప్రకటనలలోను కానవచ్చుచున్నవి. ఆ మాటలలో నిజమెంత, పూత ఎంత అని తూచుటకు గీతాచార్యుడు చక్కని తూనికరాళ్ళను అనుగ్రహించియున్నాడు. పదునెనిమిదవ అధ్యాయమున తామసకర్మను నిర్వచించుచు, ఏ పని అనుబంధమును, క్షయమును, హింసను, పౌరుషమును లెక్కింపక మోహముచే మొదలిడబడునో అది తామసమని స్వామి బోధించెను. అనుబంధమనగా ఆ పని వెంట రాబోవు ఫలితము. క్షయమనగా దానికై వ్యయమగు ద్రవ్యము, శక్తి. హింస యనగా దానివలన ఇతర ప్రాణులకు కలుగు బాధ. పౌరుషమనగా దానిని తుదముట్ట నిర్వహించు సామర్థ్యము. ఉద్దేశము మంచిదైనంతమాత్రమున కర్మ సాత్త్వికము కాదు. ఈ నాలుగింటిని తూచి చేసినపుడే అది తామసదోషమునుండి తప్పించుకొనును.

ఈ తూనికరాళ్ళను చేతబూని చూడవలసిన చోటు తెలుగునేలపైననే కలదు. హైదరాబాదునకు వాయవ్యమున, ముంబయి రహదారిపై పటాన్‌చెరువు ఉన్నది. పేరులోనే చెరువు నిలుపుకొన్న ఊరది. 1970వ దశకము నడుమనుండి అచట పారిశ్రామికవాడ వెలసెను. క్రమముగ పాశమైలారము, బొల్లారము, కాజీపల్లి ప్రాంతములన్నియు రసాయన, ఔషధ కర్మాగారములతో నిండెను. నేడు సంగారెడ్డి జిల్లాలోనున్న ఈ ప్రాంతము ఆనాడు మెదకు జిల్లాలోనిది. అచట తయారైన మందులు దేశదేశములకు పోయి లక్షలాది రోగులకు ప్రాణదానము చేసినవి. వేలాది కుటుంబములకు జీవనోపాధి కలిగెను. ఈ మేలును మరచుట కృతఘ్నత యగును.

కాని ఆ కర్మాగారముల మురుగు ఇసకవాగులోనికి, దానినుండి నక్కవాగులోనికి, అచటినుండి మంజీరలోనికి ప్రవహించెను. ఆ వాగుల ఒడ్డున వరి పండించుకొను రైతుల పొలములు చెడినవి. బావులనీరు రంగుమారెను. పశువులను ఏ నీటికి తోలవలెనో తెలియని స్థితి ఏర్పడెను. వ్రేపల్లె గోపకుల దుఃఖమే ఆ పల్లెలకు వచ్చినది. పటాన్‌చెరువులో వైద్యవృత్తిలోనుండిన డాక్టరు ఎ. కిషన్‌రావు వంటివారు ఈ విషయమై సుదీర్ఘకాలము పోరాడిరి. 1990లో ఈ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. రైతులకు నష్టపరిహారము, పల్లెలకు మంచినీరు ఇప్పించుటకు న్యాయస్థానములు ఆదేశములిచ్చినవి. ఆ వ్యాజ్యము చేతులు మారి, తుదకు 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పుతో ముగిసెను. 1990లో పుట్టిన బిడ్డ తానే బిడ్డల తల్లియగునంత కాలము గడచిపోయెను.

ఈ నడుమ 1994లో పటాన్‌చెరువున ఉమ్మడి శుద్ధికేంద్రము ఏర్పడెను. ఒక్కొక్క చిన్న కర్మాగారము తన మురుగును తానే శుద్ధిచేసికొనలేదు. అందరి మురుగును ట్యాంకర్లలో ఒకచోటికి చేర్చి శుద్ధిచేసినచో వ్యయము తగ్గును, ఫలము పెరుగును అను ఆలోచన అది. వినుటకు ధర్మబద్ధముగనే యున్నది. తొట్లలో మురుగును కలిపి, ఆమ్లక్షారములను సరిచేసి, మడ్డిని వేరుచేసి, గాలిని పంపి సూక్ష్మజీవులచే ఆ మలినమును తినిపించుట అచటి పద్ధతి. ఆ సూక్ష్మజీవులకు ఆహారముగ పట్టణపు మురుగునీటిని కూడ అందు కలుపుచుండిరి. బయటికి పోవు నీటిలో నియమితమైన కొలతలు తగ్గినవా లేదా అని పరీక్షించుచుండిరి.

2007లో స్వీడన్ దేశపు పరిశోధకులు ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి తమ ఫలితములను ప్రకటించిరి. సుమారు 90 ఔషధ కర్మాగారముల మురుగు చేరు ఆ కేంద్రమున, శుద్ధి ముగిసిన పిమ్మట కూడ, లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ మందు కానవచ్చెను. జ్వరపీడితుడు ఆ మందును మ్రింగినపుడు అతని రక్తములో చేరు ప్రమాణముకంటె అది మిక్కిలి. ఒక్క దినమున ఆ నీటితో పోవు ఆ మందు సుమారు 45 కిలోలని, స్వీడన్ దేశమంతయు 5 దినములలో వాడు పరిమాణమునకు అది సమానమని వారు లెక్కించిరి. 2009లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో సమీప చెరువులలోను, పల్లెల బావులలోను కూడ మందుల జాడలు బయటపడినవి.

ఇచట ఎవరును నియమమును మీరినారని చెప్పుటకంటె, ఆ నియమములలోనే ఆ మందునకు కొలత లేదని చెప్పుట సత్యమునకు దగ్గర. కొలిచినది తగ్గెను, కొలవనిది నిలిచెను. అంతేకాదు. పట్టణపు మురుగులో మనుష్యుల ప్రేగులనుండి వచ్చిన సూక్ష్మక్రిములుండును. అవి మందుతోకూడిన తొట్టిలో చేరినపుడు బలహీనమైనవి చచ్చి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. వాగు అడుగుమట్టిలో అట్టి లొంగనితనమునకు కారణమగు జన్యువులు మెండుగ ఉన్నవని 2011లో పరిశోధకులు తెలిపిరి. వ్యాధిని మాన్పుటకు పుట్టిన మందు వ్యాధిక్రిములకు గురువై విద్య నేర్పినట్లయ్యెను. శుద్ధికేంద్రమున "అనుబంధము" అను మొదటి తూనికరాయిని వేయకపోవుటచే కలిగిన ఫలమిది.

అటుపిమ్మట వచ్చిన ఉపాయము గొట్టపుమార్గము. శుద్ధికేంద్రపు నీటిని నక్కవాగులోనికి విడువక, 18 కిలోమీటర్ల గొట్టముద్వారా హైదరాబాదులోని అంబర్‌పేట మురుగునీటి శుద్ధికేంద్రమునకు చేరు కాలువలో కలుపుటకు ఏర్పాటు జరిగెను. అచట నగరపు మురుగుతో కలిసి, మరల శుద్ధిపొంది, మూసీనదిలోనికి పోవును. నక్కవాగు రైతులకు దీనివలన కొంత ఊరట కలిగియుండవచ్చును. ఐనను తీర్థయాత్ర చేయు భక్తుడు ఈ మార్గమును ఒకమారు మనస్సున నడచి చూడవలెను. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తివద్ద గోదావరిలో చేరును. ఆ దిగువనే బాసరలో భక్తులు స్నానమాడి సరస్వతీమాతను సేవింతురు. మూసీయో, వాడపల్లివద్ద కృష్ణానదిలో కలియును. ఆ సంగమతీరమున శ్రీలక్ష్మీనృసింహస్వామి కొలువై యున్నాడు. అనగా గోదావరికి పోవలసిన మురుగును గొట్టము కృష్ణకు మళ్ళించినది. ఒక తల్లి ఒడిలోని బరువును ఇంకొక తల్లి ఒడిలో వేయుట శుద్ధి యగునా?

పులుసులో ఉప్పు మిక్కిలియైనచో ఇల్లాలు నీరు పోయును. ఉప్పదనము తగ్గునేగాని పడిన ఉప్పు ఎచటికిని పోదు. పలుచన వేరు, నాశము వేరు. మడుగు పెద్దదైనచో కాళియుడు కనబడకపోవును, అంతమాత్రమున లేకపోడు.

మూడవ ఉపాయము ద్రవవ్యర్థమును చుక్కయైన బయటికి విడువకుండుట. ఈ ప్రాంతపు పలు ఔషధ కర్మాగారములు ఈ పద్ధతిని అవలంబించినవి. మురుగును పొరలగుండ వడపోసి, మిగిలినదానిని ఆవిరిచేసి, నీటిని మరల వాడుకొందురు. ఒక్క చుక్కయు వాగులో పడదు గనుక ఇది మొదటి రెండింటికంటె మేలైనదే. కాని ఇచట "క్షయము" అను తూనికరాయిని వేయవలెను. నీటిని ఆవిరిచేయుటకు నిప్పు కావలెను. ఆ నిప్పునకు బొగ్గు కాల్చినచో నీటిలోని భారము గాలికి ఎక్కును. మిగిలిన లవణపు మడ్డిని దుండిగల్ వద్దనున్న ప్రమాదకర వ్యర్థముల పూడ్పుస్థలము వంటిచోట భద్రపరచవలెను. క్షీరసాగరమథనకాలమున హాలాహలమును పరమశివుడు మ్రింగునపుడు అరచేతినుండి జారిన బిందువులను తేళ్ళును, పాములును, విషపుమొక్కలును గ్రహించినవని భాగవతము చెప్పును. పరమేశ్వరుడు త్రాగినపుడే బిందువులు జారినవి. మానవుని చేతినుండి జారవా? కావున "వ్యర్థము శూన్యము" అను మాటను వినిన వెంటనే, అది ఏ రూపమున, ఏ చోట, ఎవరి ప్రక్కన నిలిచినదని అడుగుట వివేకము.

ఇంత చెప్పుటచే శుద్ధికేంద్రములు నిరర్థకములని భావింపరాదు. మురుగును పచ్చిగా పొలములపైకి విడుచుటకంటె అవి నిస్సంశయముగ మేలు. కాని శ్రీకృష్ణుని మార్గము వాటికంటె ఒక మెట్టు పైనున్నది. విషము పుట్టుచోటనే దానిని పట్టవలెను. మందుల శేషము గాఢముగనున్న మురుగును ఇతరజలముతో కలియకమునుపే కర్మాగారములోననే వేరుచేసి నశింపజేసినచో, కొద్ది శ్రమతో గొప్పఫలము కలుగును. వేయి కడవల నీటిలో కలిసిన పిమ్మట దానిని పట్టుట ఎవరి పౌరుషమునకును మించిన పని. ఇక కొలతల విషయము. యాంటీబయాటిక్ మందులకు మురుగులో హద్దులు నిర్ణయించుచు 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము ముసాయిదా ప్రకటించెను. 2021లో వెలువడిన తుది నియమములలో ఆ హద్దులు చేరలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇట్టి కర్మాగారముల మురుగును గూర్చి మార్గదర్శకములను ప్రకటించెను. లోకము కొలుచుటకు ఇప్పుడిప్పుడే ఉపక్రమించుచున్నది.

ఈ విచారణ కర్మాగారముల యజమానులకు మాత్రమే చెందినదని గృహస్థుడు తప్పించుకొనరాదు. తూనిక ప్రతి గృహమునను కావలసియున్నది. ప్లాస్టిక్ సంచిని విడిచి నూలుగుడ్డ సంచిని పట్టుట నేడు పుణ్యకార్యముగ ఎంచబడుచున్నది. ఉద్దేశము ప్రశంసనీయము. కాని ప్రత్తి పండించుటకు నీరు, ఎరువు, పురుగుమందు కావలెను. నూలు వడకుటకు, నేయుటకు, రంగువేయుటకు శక్తి కావలెను. 2011లో ఇంగ్లండు పర్యావరణసంస్థ ప్రకటించిన లెక్కప్రకారము, ఒక్కసారి మాత్రమే వాడి పారవేయు పలుచని ప్లాస్టిక్ సంచికంటె భూతాపవిషయమున నూలుసంచి మేలగుటకు దానిని 131 సార్లు వాడవలెను. నదులలోను, ఆవుల కడుపులలోను చేరు ప్లాస్టిక్ కీడు ఈ లెక్కలో లేదు; దానిని చేర్చినచో నూలుసంచివైపు త్రాసు కొంత మొగ్గును. ఐనను, పెండ్లికొకటి, వ్రతమునకొకటి, సభకొకటి చొప్పున పంచిన క్రొత్తసంచులు బీరువాలో మడతపడియున్న ఇంట, ఆ సంచులవలన భూమాతకు భారము పెరిగినదేగాని తగ్గలేదు. పాతపంచెనో, చీరనో చించి కుట్టుకొన్న ఒక్క సంచిని ఏండ్ల తరబడి వాడు అవ్వయే నిజమైన హరితవ్రతము చేయుచున్నది. ఆమెకు ఆ మాటయే తెలియదు.

తిరుమలలో లడ్డూప్రసాదము కొరకు, హైదరాబాదులోని రక్షణ పరిశోధనసంస్థ ప్రయోగశాల రూపొందించిన శిథిలమగు సంచులను 2021 ఆగస్టులో ప్రవేశపెట్టిరి. మొక్కజొన్న పిండిపదార్థముతో చేసిన ఇట్టి సంచి మట్టిలో కలియుటకై పుట్టినది. కావున భక్తుడు దానిని ఇంటికి కొనిపోయి తడిచెత్తతో ఎరువుగుంటలో వేసినపుడే దాని ధర్మము నెరవేరును. తక్కిన ప్లాస్టిక్‌తోపాటు మూటగట్టి చెత్తబుట్టలో వేసినచో, అది చేయదలచిన మేలును చేయనిచ్చువారెవరు? వస్తువునకు పౌరుషము లేదు. దానిని వాడు మనుష్యునకు ఉండవలెను.

మందుల విషయమున గృహస్థుని బాధ్యత మరింత సూటిగనున్నది. ప్రతి జలుబునకు వైద్యుని అడుగక యాంటీబయాటిక్ కొని మ్రింగుట, రెండుదినములలో నెమ్మదించినదని మధ్యలో మానుట, మిగిలిన మాత్రలను తూములో పారవేయుట – ఈ మూడును పటాన్‌చెరువు తొట్టిలో జరిగినదానిని ఇంటి కాలువలో జరిపించుటయే. అక్కరలేని ప్రతి మాత్రయు ఎక్కడనో ఒక కర్మాగారమున తయారై, తన మురుగును ఏదో ఒక వాగున విడిచియే అంగడికి వచ్చినది. అక్కరలేనిదానిని కొనకుండుటకంటె పెద్ద హరితకార్యము మరియొకటి లేదు. అది ఖర్చులేనిది గనుకనే దానిని ఎవరును ప్రకటింపరు.

శ్రీవైష్ణవాలయమున అర్చకుడు శిరస్సు వంచిన భక్తుని చేతిలో తీర్థమును పోయును. భక్తుడు మారుమాటాడక దానిని త్రాగును. ఆ నీరు ఎచటినుండి తెచ్చినదని, ఏ నది చేరినదని అడుగడు. స్వామి పాదము సోకిన నీరు గనుక నమ్మును. అట్టి నమ్మకమును అనుభవించుచున్న భక్తునకు, తన ఇంటినుండి పోవు నీటిని దిగువ పల్లెలోని పసిబిడ్డ త్రాగుచున్నదను స్మరణ ఉండవలదా? ఎగువనున్నవాడు విడుచు ప్రతి చుక్కయు దిగువనున్నవానికి తీర్థమే. వ్రేపల్లె మడుగు శుద్ధియైనదనుటకు గుర్తు ప్రకటనాఫలకము కాదు, అధికారి సంతకము కాదు. దప్పిగొన్న ఆవు దిగి నీరు త్రాగి, తోకయూపుచు గట్టెక్కుటయే. నక్కవాగునకును ఆ పరీక్షయే తగినది. నక్కవాగు దూడ నిర్భయముగ నీరు త్రాగుదినము వచ్చువరకు శుద్ధి పూర్తియైనదని ఎవరును చెప్పరాదు.

యమునాజలమును నిర్విషమొనర్చిన ఆ గోపాలదేవుడు, తెలుగునేలనున్న వాగులను, చెరువులను, నదులను కాపాడువారికి తూచు వివేకమును, తూచినపిదప ఆచరించు ధైర్యమును అనుగ్రహించుగాక!